మూడో స్తంభానికీ నాలుగో స్తంభానికీ మధ్య

ఏర్పేడు,
18 సెప్టెంబరు 2025.

తమ్ముడు మునికుమార్‌కి అక్క కోమలి ఆశీస్సులు.

జైల్లో వారానికి ఐదు నిమిషాలు ఫోనిస్తే అందులో మూడు నిమిషాలు నువ్వు ‘బాగుండా, బాగుండా’ అంటావు. మిగతా రెండు నిమిషాలు నేను ఏడుస్తాను. అందుకే జాబు రాస్తున్నా. జాబులో ఏడిస్తే నీకు వినపడదు.

నిన్న శ్రీకాళహస్తి పోయి వకీలమ్మను కలిశాను. కేసు కాగితాలు ఆమె చదివి చెప్పింది. నాకు అర్థమైనంత రాస్తాను, తప్పుంటే దిద్దు. పోయినేడు కార్తీకంలో నువ్వూ మీ బావా కల్యాణ మండపం పచ్చికలో ఎనిమిది ఇనుప లైటు స్తంభాలు నిలబెట్టి, భూమిలో పైపు పూడ్చి, అందులో కరెంటు వైరు లాగారు. ఈ ఆగస్టు వానలకు ఆ పైపులో నీళ్ళు చేరాయి. మూడో స్తంభానికీ నాలుగో స్తంభానికీ మధ్య, పైపు లోపల, వైరుకు జాయింటు ఉందట. ఆ నీళ్ళ గుండా కరెంటు స్తంభానికి పాకింది. పెళ్ళిలో పూలు కట్టడానికి వచ్చిన లోకేశ్వరి కాళ్ళు కడుక్కుంటూ ఆ స్తంభం పట్టుకుని అక్కడికక్కడే పోయింది. కరెంటు లీకైతే పడిపోవాల్సిన ట్రిప్పర్‌ను అంతకు ముందు వారమే నువ్వు తీసేశావు.

ఇంతవరకూ నాకు తెలిసిందే. తెలియనిది ఒకటుంది. ‘ఆ జాయింటు నాదే, నేనే వేసినా’ అని పోలీసుల దగ్గర సంతకం పెట్టావటరా! ఒరేయ్, నీకేమైనా మతి పోయిందా? జాయింటు ఉందని తెలిసి ట్రిప్పర్ తీస్తే ఒక సెక్షను, తెలియక తీస్తే ఇంకొకటి. మొదటిదానికి బెయిలు రాదు, పదేళ్ళు పడినా పడొచ్చు అంటోంది వకీలమ్మ. నువ్వు మొదటిదే నెత్తిన పెట్టుకున్నావు.

నువ్వు భూమిలో జాయింటు వేస్తావా? నేను నమ్మను. మీ ఇద్దరికీ పని నేర్పిన మునస్వామి మేస్త్రీ దగ్గరికి పోయి అడిగాను. “వైరు చాలకపోతే స్తంభం పెట్టెలో జాయింటు వేయాల, భూమిలో వేసినోడు నా గడప తొక్కొద్దు అని చెప్పి నేర్పినా పాపా,” అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. “జాయింటు అంటే చేతిరాత మాదిరే. నీ తమ్ముడిది ఎడంచేతి వాటం. వాడు తిప్పితే మెలిక ఎడమకు పోతాది. బయటికి తీయించు, సూసి చెప్తా.”

అది మండపం వాళ్ళు నీ వెనకాల వేరే ఎవరి చేతనో వేయించింది అయ్యుంటుంది. వైరు బయటికి లాగితే నిజం తేలుతుంది. కరెంటు ఇన్‌స్పెక్టరును పిలిపించమని వకీలమ్మ కోర్టులో అర్జీ పెట్టింది. అక్టోబరు తొమ్మిదిన వస్తాడు. మీ బావ మాత్రం “జరిగిందేదో జరిగిపోయినాది, ఆ పైపు జోలికి పోవాకు,” అంటాడు. ఆయనకు అన్నీ భయాలే.

ధరణి నీకు ముద్దులు పంపింది. బడి నుంచి రోజూ తడిసి వస్తోంది. పోయినేడు కొన్న రెయిన్‌కోటు బస్సులో పారేసుకుంది కదా, అప్పుడే రెండు వేశాను, ఇప్పుడు మళ్ళీ కొనాలి. తిను, నిద్రపో, నోరు తెరిచి నిజం చెప్పు.

మీ అక్క
కోమలి


జిల్లా జైలు, చిత్తూరు,
27 సెప్టెంబరు 2025.

అక్కకు తమ్ముడు మునికుమార్ నమస్కారాలు.

నీ జాబు అందింది. ఇక్కడ జాబులు ముందు ఒక సారు చదివి, ముద్ర వేసి, తర్వాత మాకిస్తారు. మావీ అంతే. కాబట్టి నువ్వు నన్ను తిట్టిన తిట్లు ఇద్దరు చదివారు. సారు నవ్వుకుంటూ ఇచ్చాడు, “మీ యక్క గట్టిదే అబ్బా,” అని.

నేను బాగున్నాను. మా బ్యారక్‌లో ఫ్యాను తిరగడం లేదంటే చూసి బాగు చేశాను. అందుకు ఇక్కడ నాకు కొంచెం మర్యాద. సాంబారు పలచన, మజ్జిగ ఇంకా పలచన. నీ చేతి ఊరిబిండి పచ్చడి గుర్తొస్తుంది.

అక్కా, పైపు సంగతి వదిలెయ్. బావ చెప్పిందే సరి. జాయింటు నాదే. తొందరలో వేశాను. మేస్త్రీ నేర్పింది మర్చిపోయాను. ఎంత నేర్చినవాడికైనా ఒక రోజు బుద్ధి గడ్డి తింటుంది. ఇంకొకడి మీదకు నెట్టి నేను బయటపడాలని లేదు. ట్రిప్పర్ తీసింది నేనా కాదా? నేనే. వానకు ఊరికే పడిపోతోందని మండపం హరినాథ్ మేనేజరు పదిసార్లు ఫోను చేస్తే, పోయి ట్రిప్పర్ వైరు పక్కకు తప్పించి వచ్చింది ఈ చేతులే. జాయింటు లేని వైరు నీళ్ళలో ఉన్నా ఏమీ కాదని

ఇక్కడ ఒక వాక్యం కొట్టేశాను, పట్టించుకోకు. నేనే కొట్టేశాను, సారు కాదు.

పదో తరగతి తప్పి బస్టాండులో తిరిగే నన్ను బండెక్కించుకుని పనికి తీసుకుపోయింది బావ. టెస్టరు పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆయన్ని పైపు, జైలు, కోర్టు అని సతాయించకు. ఒంటరిగా పని చేసుకుంటున్నాడు, నేను లేను కదా. ధరణికి పసుపు రంగు కోటు కొను, రోడ్డు మీద దూరానికి కనపడుతుంది.

నీ తమ్ముడు
కుమార్


ఏర్పేడు,
12 అక్టోబరు 2025.

తమ్ముడికి,

నువ్వు వదిలెయ్ అన్నంత మాత్రాన వదిలేదాన్నయితే నిన్ను ఇంత పెద్దవాణ్ణి చేసేదాన్నే కాదు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మంచాయన. మూడో స్తంభం దగ్గర నేలలో ఉన్న ఛాంబరు మూత లేపితే అంచు దాకా నీళ్ళు! వైరు చివర పట్టుకుని కొంచెం లాగి చూశాడు. కదల్లేదు. “లోపల బురద పట్టేసిండాది తల్లీ. బలంగా లాగితే జాయింటు కాడనే తెగిపోతాది, అప్పుడు చూసేదానికేమీ మిగలదు. నీళ్ళు తీయించి పెట్టండి, నవంబరు పదకొండున మళ్ళా వస్తా,” అన్నాడు. అదే ఆఖరు. ఎందుకంటే పదమూడున మండపం వాళ్ళు ముహూర్తాల కోసం పచ్చికంతా తవ్వి, పాత పైపూ వైరూ పీకి పారేసి కొత్తది వేయించుకుంటారట.

కాబట్టి నాకు నెల రోజులుంది. మొదటి రోజు చెంబుతో తోడాను. ఛాంబరు ఖాళీ అయింది. ఇంటికొచ్చి సంబరంగా పడుకున్నాను. తెల్లారి పోతే మళ్ళీ అంచు దాకా ఉన్నాయి! వాన కూడా పడలేదు. రెండో రోజు పైపు మూతులు రెండూ ప్లాస్టిక్ సంచులతో, మైనంతో బిగించాను. మూడో రోజు తీసి చూస్తే లోపల నీళ్ళే. ఒరేయ్ కుమారా, అక్కడే కూర్చుని ఏడ్చాను. ఎవరో నాతో ఆడుకుంటున్నట్టుంది.

మేస్త్రీ కర్ర పట్టుకుని వచ్చాడు. చూసి నవ్వాడు. “మూతులు మూస్తే నీళ్ళు ఆగుతాయా పాపా? పగలు ఎండకు వేడిగాలి పైపులోకి పోతాది. భూమి సల్లబడితే ఆ గాలికి లోపలే చెమట పడ్తాది. ఎన్ని మైనాలు పెట్టినా రాకుండా ఆపలేము. పోయే దారి పెట్టాల. పైపును వాటంగా ఒక పక్కకు దించి, అడుగున గుంత తీసి గులకరాళ్ళు పోసి, పైపుకు కింద బెజ్జం వేసి వదలాల. ఇది మీ ఇంటాయనకు నేను నేర్పినానే!” అన్నాడు.

ఇంటికొచ్చి మీ బావను అడిగాను, ఆ గుంత ఎందుకు తీయలేదని. “మన సీమలో నీళ్ళకే దిక్కు లేదు, పైపులో నీళ్ళకు గుంత తవ్వేదా అనుకున్యాము,” అన్నాడు. అంతే అన్నాడు, అన్నం వదిలేసి లేచిపోయాడు. నిజమే అనిపించింది. బోరుకు వెయ్యి అడుగులు వేసినా దుమ్మే చూసినవాళ్ళం, నీళ్ళకు భయపడటం మనకెవరు నేర్పారు?

ఇంకో సంగతి. లోకేశ్వరి భర్త రాజారత్నం రోజూ వచ్చి గోడ మీద కూర్చుంటున్నాడు. మొదటి రోజు నాకు భయమేసింది, రాయి తీసుకుని కొడతాడేమో అని. నాలుగో రోజు దిగి వచ్చి నా చేతిలో చెంబు తీసుకుని తోడటం మొదలుపెట్టాడు. “నాకు ఎవురినీ జైల్లో కూసోబెట్టాలని లేదమ్మా. మా లోకేశ్వరి ఎవురి చేతి పని వల్ల పోయినాదో అది తెలిస్తే సాలు. ప్రార్థనలో పేరు సెప్పాల గదా, శమించమని అడిగేదానికైనా,” అన్నాడు.

ఆ మనిషి మొహం చూసి చెప్తున్నా. నేను ఆ వైరు బయటికి తీయిస్తాను.

కోమలి


జిల్లా జైలు, చిత్తూరు,
19 అక్టోబరు 2025.

అక్కకు,

నీకు దండం పెడతాను. వద్దు.

నీకు అర్థమయ్యేట్టు ఎలా రాయాలో తెలియడం లేదు. రెండు రోజులుగా ఇదే జాబు చింపి చింపి రాస్తున్నాను. నీకు రుజువే కావాలా? ఇదిగో రాస్తున్నాను, చదివే సారు కూడా చదవచ్చు. ఆ జాయింటు మూడో స్తంభానికీ నాలుగో స్తంభానికీ మధ్య, నాలుగో దానికి దగ్గరగా ఉంటుంది. నా చేత్తో నేనే మెలితిప్పాను. మీద సైకిలు ట్యూబు ముక్క చుట్టి, దాని మీద నల్ల టేపు వేశాను. అయింది కదా? ఇంక లాగి చూసేదేముంది?

నువ్వు రోజూ ఆ నీళ్ళ దగ్గర కూర్చుంటున్నావని తలుచుకుంటే నాకిక్కడ అన్నం దిగడం లేదు. నువ్వు నాకు మేలు చేయడం లేదక్కా. చెడు చేస్తున్నావు. నాకు కాదు, నీకే. ఇంత కన్నా రాయలేను. చిన్నప్పుడు బావిలోకి తొంగి చూడొద్దంటే చూసేదానివి, అమ్మ జడ పట్టుకుని వెనక్కి లాగేది. ఇప్పుడు లాగేవాళ్ళు లేరు.

రాజారత్నం అన్నతో చెప్పు. పేరు కావాలన్నాడు కదా, నా పేరు చెప్పు. మునికుమార్ అని చెప్పుకోమను ప్రార్థనలో. అబద్ధం కూడా కాదు. ట్రిప్పర్ ఉండుంటే ఆమె బతికేది. ఆ వైరు పక్కకు తప్పించేటప్పుడు నా చేయి వణకనైనా లేదు. దానికి ఈ గోడలు చాలవు.

నా మీద నీకు ఏ కాస్త ప్రేమ ఉన్నా ఆ మూత వేసి ఇంటికి పో. లేదా, ఇకమీదట నాకు జాబు రాయొద్దు.

కుమార్


ఏర్పేడు,
4 నవంబరు 2025.

తమ్ముడికి,

రాయొద్దన్నావు, రాస్తున్నా. కోపమొస్తే చించుకో.

వారం రోజులు ముసురు పట్టింది. స్వర్ణముఖి పొంగింది. ఇల్లూ వాకిలీ నీళ్ళే. నేను గొడుగేసుకుని మండపానికి పోయి తోడటం, తెల్లారేసరికి నిండటం. మేస్త్రీ చెబితే పంక్చరు షాపు వాళ్ళ కంప్రెసరు ఆటోలో వేయించుకుని వచ్చాను. ఎనిమిదో స్తంభం దగ్గర మూతిలో గొట్టం పెట్టి గాలి కొట్టారు. కాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి ఇవతల పక్క నుంచి బురద నీళ్ళు ఎగిరి నా మొహం మీద పడ్డాయి. నిలువునా తడిసిపోయాను. రాజారత్నం నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వి నెలలయింది. నవ్వాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాము.

తెల్లారి మళ్ళీ సగం నిండింది.

అప్పుడింక నా వల్ల కాలేదు. హరినాథ్ మేనేజరు కాళ్ళ మీద పడ్డాను. “తవ్వేది పదమూడునే గదా సార్, ఒక్క గుంత ముందు తవ్వుకోనీండి,” అన్నాను. ఒప్పుకున్నాడు. మేస్త్రీ సన్న గొట్టంలో నీళ్ళు పోసి మట్టం పట్టి, పైపు ఎక్కడ అన్నిటికన్నా దిగి ఉందో కనిపెట్టాడు. ఎక్కడో తెలుసా? మూడో స్తంభానికీ నాలుగో స్తంభానికీ మధ్యే. రెండు అడుగులు తవ్వి, పైపు కింద గులకరాళ్ళు పోసి, వైరుకు తగలకుండా చేతి బర్మాతో అడుగున సన్న బెజ్జం వేశాడు. నీళ్ళు కారడం మొదలైంది. మధ్యాహ్నం నుంచి దీపాల వేళ దాకా బొట్టు బొట్టుగా కారాయి. ముగ్గురం కూర్చుని చూశాము. ఒక మనిషిని చంపిన నీళ్ళు ఇంతేనా అనిపించింది. రెండు బిందెలు కూడా రాలేదు.

ఇప్పటికి నాలుగు రోజులైంది. వాన పడుతోంది, పైపు మాత్రం ఖాళీగానే ఉంది. జాయింటు చేతికందే దూరంలో ఉంది కుమారా. కోసి చూద్దామంటే మేస్త్రీ ఒప్పుకోలేదు, ఇన్‌స్పెక్టరు ముందే తీయాలంటాడు.

గుంత తవ్విన రోజు మీ బావ వచ్చాడు. గేటు దగ్గరే బండి ఆపి నిలబడ్డాడు. రమ్మని చేయి ఊపితే కాలు నొప్పి అని వెళ్ళిపోయాడు. మనిషి చిక్కిపోయాడు. ధరణికి తడిసి తడిసి జ్వరం. ఈ వానలు అయ్యేలోగా నా వాళ్ళందరూ ఏమైపోతారో నాకు తెలియడం లేదు. పదకొండో తేదీ దాకా ఒళ్ళంతా కళ్ళు చేసుకుని ఉంటాను.

కోమలి


ఏర్పేడు,
12 నవంబరు 2025.

తమ్ముడికి,

వైరు బయటికి వచ్చింది. తెగలేదు. జాయింటు ఉంది.

ఒక్క మాటకు జవాబు రాయి. జాయింటు మీద ఏం చుట్టావు?

అక్క


జిల్లా జైలు, చిత్తూరు,
18 నవంబరు 2025.

అక్కా,

నీ జాబు ఐదే వాక్యాలు. నువ్వు నాకు ఎప్పుడూ ఇంత చిన్న జాబు రాయలేదు. జాబు జారి కింద పడింది, పక్కనున్న పెద్దాయన తీసిచ్చాడు.

సైకిలు ట్యూబు. ముందే రాశాను కదా. సైకిలు ట్యూబు కాదా? అయితే ఇంకేదో. ఏడాదైంది, నాకెలా గుర్తుంటుంది? దొరికిన గుడ్డ ఏదో చుట్టి ఉంటాను. రబ్బరో, కవరో. ఏదైతే ఏమి, నేనే చుట్టాను. ఎవరు అడిగినా అదే చెప్తాను. కోర్టులో కూడా.

నువ్వు చూసింది నీ దగ్గరే పెట్టుకో. ఎవరితోనూ అనొద్దు. జాబులో అసలే రాయొద్దు, నీకు తెలుసు, ఇక్కడ చదువుతారు. నువ్వు ఏది రాసినా అది కాగితం మీద ఉండిపోతుంది.

అక్కా, నాకు పెళ్ళాం లేదు, బిడ్డ లేదు. నేను లోపల ఉంటే ఒక్క నువ్వే ఏడుస్తావు. లెక్క చూసుకో. ధరణికి ఎనిమిదేళ్ళు. రేపు బడిలో ఎవరన్నా ‘మీ నాయన యాడ ఉండాడు?’ అంటే ఆ పిల్ల ఏం చెప్తుంది? ‘మీ మామ జైల్లో ఉండాడు’ అంటే చెప్పుకోవచ్చు. మామలు జైల్లో ఉండొచ్చు.

బండ్రాళ్ళు ఎత్తే పని ఇచ్చినా ఇక్కడ బతికేస్తాను. నువ్వు ఆ ఇంట్లో రోజూ ఎదురుగా కూర్చుని అన్నం వడ్డించగలవా, అది చెప్పు. వడ్డించగలవు. గలవు కదా? నువ్వు గట్టిదానివి, ఇక్కడి సారు కూడా అన్నాడు. కొన్నాళ్ళకు అలవాటైపోతుంది.

అక్కా, నోరు తెరవకు. ఇదొక్కటే నేను నిన్ను జన్మలో అడిగింది.

నీ తమ్ముడు
కుమార్


ఏర్పేడు,
26 నవంబరు 2025.

చిత్తూరు జైలులో జాబులు చదివే సారుకు నమస్కారం.

ఈ జాబు మీకే రాస్తున్నాను. చదివాక నా తమ్ముడికి ఇవ్వండి. చదివింది మర్చిపోకండి, మీ పై వాళ్ళకు కూడా చూపించండి. వకీలమ్మకు కూడా ఇందులోని మాటలే చెప్పబోతున్నాను.

నవంబరు పదకొండున ఇన్‌స్పెక్టరు ముందు మునస్వామి మేస్త్రీ పైపు మూతిలో సబ్బు నీళ్ళు పోసి, వైరును జానెడు జానెడు లాగాడు. జాయింటు బయటికి వచ్చింది. ఇన్‌స్పెక్టరు బ్లేడుతో టేపు కోశాడు. సైకిలు ట్యూబు లేదు. నీలం రంగు ప్లాస్టిక్ ముక్క ఉంది. దాని మీద పసుపు బాతు బొమ్మ ఉంది. అది నా కూతురు ధరణి రెయిన్‌కోటు చేయి. మెలిక కుడికి తిరిగి ఉంది.

“ఇది ఎవరి పనో సెప్పగలవా పెద్దాయనా?” అని ఇన్‌స్పెక్టరు మేస్త్రీని అడిగాడు. “నాకు కండ్లు సరిగా అగపడవు సార్,” అన్నాడు మేస్త్రీ. మట్టం పట్టి పైపు పల్లం కనిపెట్టిన కళ్ళు అవి. నా వైపు చూడలేదు. నన్ను అడిగితే నేనూ తెలియదన్నాను. రాజారత్నం నా మొహం చూశాడు. గేటు దాటి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి అటక మీద వెతికాను. గోనెసంచిలో, పాత స్విచ్చుబోర్డుల కింద కోటు ఉంది. ఒక చేయి లేదు. నా తమ్ముడి జవాబు కోసం వారం రోజులు నోరు మూసుకున్నాను. సైకిలు ట్యూబు కాదా, గుడ్డా, రబ్బరా, కవరా అని వాడు రాశాక, కోటు తీసుకుపోయి నా భర్త మునిప్రసాద్ ముందు పెట్టాను. అన్నం కలుపుతున్నవాడు చేయి తీసేశాడు. అడగకముందే చెప్పాడు.

వైరు జానెడు తక్కువైందట. తెల్లారితే మండపంలో మొదటి పెళ్ళి. నా తమ్ముడు లైట్లు తేవడానికి తిరుపతి పోయాడు. తుంపర పడుతోంది. టేపు చాలలేదు. బండి సంచిలో ధరణి కోటుంది. “ఒక్క చేయి కోసినా. కొత్తది కొనిద్దాములే అనుకున్యా. నువ్వు బిడ్డను కొడతా ఉంటే నోరు రాలేదు,” అన్నాడు.

అది చిన్న తప్పు. పెద్దది ఇంకా ఉంది. ఆగస్టులో ట్రిప్పర్ మాటిమాటికీ పడుతుంటే నా తమ్ముడు ఈయన్ను అడిగాడట. “పైపులో జాయింటు ఏమీ లేదు గదా బావా?” “లేదు” అన్నాడట ఈయన. ఆ ఒక్క ‘లేదు’ నమ్మి నా తమ్ముడు ట్రిప్పర్ తీశాడు. లోకేశ్వరి పోయిన రోజు, పోలీసులు రాకముందే, జనరేటరు గది వెనక ఈయన వాడి కాళ్ళు పట్టుకున్నాడు. “అక్కకు చెప్పొద్దు బావా,” అని మాత్రం అడిగాడట వాడు.

సార్, నా తమ్ముడు చేసిన తప్పు వాడు చేశాడు. ట్రిప్పర్ తీయకూడదు, తీశాడు. అది వాడు మోస్తాడు. కానీ వాడికి తెలియదు. జాయింటు ఉందని తెలియదు. తెలిసింది నా భర్తకు.

ఇంక నీకు, కుమారా.

నువ్వు అడిగినదొక్కటీ నేను ఇవ్వలేదు. తిట్టుకో. వడ్డించగలవా అని అడిగావు కదా. వడ్డించాను. నాలుగు పూటలు వడ్డించాను. ఆయన తిన్నాడు కూడా. ఐదో పూట గరిటె పట్టుకుంటే రాజారత్నం చెంబుతో నీళ్ళు తోడటం కనపడింది. నా చేయి లేవలేదు. ఏ పేరుతో ప్రార్థన చేసుకుంటున్నాడో ఆ మనిషి! తప్పు పేరు చెప్పి క్షమించమని అడుగుతుంటే నేను పక్కన నిలబడి నీళ్ళు తోడాలా?

మీ బావ రెండు రోజులు టైం అడిగాడు, నేనే వకీలమ్మ దగ్గరికి పోతానని. ఇచ్చాను. మూడో రోజు కూడా గోడ వైపు తిరిగి పడుకునే ఉన్నాడు. చెడ్డవాడు కాదురా ఆయన, నాకు తెలుసు, నీకు ఇంకా బాగా తెలుసు. భయస్తుడు. భయస్తుడితో పదేళ్ళు కాపురం చేశాను, ప్రేమగానే చేశాను. ఇంట్లోకి ఒక మగవాణ్ణి తెచ్చుకోవడానికి ఇంకొక మగవాణ్ణి పంపుతున్నాను. ధరణి పెద్దదై నన్ను తిట్టినా తిడుతుంది.

ఆ పిల్లను పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. “కోటు నువ్వు పారేయలేదమ్మా. ఊరికే కొట్టినా,” అని చెప్పాను. “నేను అప్పుడే సెప్పినా గదమ్మా, నువ్వు ఇనలేదు,” అంది.

అక్క
కోమలి

ఇది ఏర్పేడు పోస్టాఫీసు బల్ల మీద రాస్తున్నా. నేను జాబు తీసుకుని బయల్దేరితే మీ బావ లేచి చొక్కా వేసుకున్నాడు. లాక్కుంటాడేమో అని రవికలో దోపుకున్నాను. లాక్కోలేదు. “బండెక్కు,” అన్నాడు. ఇప్పుడు బయట వానలో బండి మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. వెళ్ళిపొమ్మంటే పోలేదు. ధరణి కోటు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇక్కడి నుంచి శ్రీకాళహస్తి, వకీలమ్మ దగ్గరికి పోతాము.